ఏ పద్దు కింద

మార్చి ముప్పై. నల్లగొండల ఎండ
పొద్దుగూకినా గోడలల్లనే ఉండిపోయింది.
జిల్లా వైద్యశాఖ ఆఫీసుల నా టేబుల్ మీద
ట్రెజరీకి పోవాల్సిన బిల్లుల కట్ట,
అది గాలికి లేవకుంట
సగం తిన్న టిఫిన్ డబ్బా.

సీనియర్ అసిస్టెంటును నేను.
పద్దెనిమిదేండ్ల సంది ఎర్రసిరా పెన్నుతోటి బతుకుతున్న.
కిలోమీటర్లు కూడుత, రూపాయలు కోస్త,
మనుషుల మొఖాలు చూసే పని నాకు లేదు.

దాసరి ఎస్తేరు, కాంట్రాక్టు నర్సు, చందంపేట.
తొలికాన్పు తల్లుల ఇంటి సందర్శన.
స్కూటీ. పోను రాను నలభై నాలుగు కిలోమీటర్లు.
బొల్లిగుట్ట తండ, సబావత్ అనిత, పంతొమ్మిదేండ్లు.
ఒకటే వారం, ఒకటే ఇల్లు, నాలుగు మాట్ల.

పోయిన నెల పక్కన నేనే రాసిన:
"ఒకే గృహమునకు నాలుగు పర్యాయములు వెళ్ళుటకు కారణమేమి?
వివరణ లేనిచో మూడు ట్రిప్పులు తిరస్కరించబడును."
నా చేతిరాత ముద్దుగుంటదని అందరంటరు.

ఇయ్యాల వివరణ వచ్చింది.
ప్రొఫార్మా మీద కాదు,
ఐరన్ గోలీల అట్టపెట్టె చింపి, దాని లోపలి దిక్కు:

"సార్, మొదటి దినం తలుపు తీయలే.
పెనిమిటి పుణె దిక్కు మట్టిపనికి పోయిండు,
అత్త పొద్దున లేస్తనే కూలికి.
రెండో దినం తీసింది. మాట్లాడలే.
గడప మీద కూసొని నీళ్ళడిగిన. ఇచ్చింది.
మూడో దినం ఆమెనే అడిగింది,
పాలు పచ్చగొస్తున్నయి, పిండి పారబోయాల్నా అని.
వద్దు బిడ్డా, అవ్వే మొదటి టీకా అన్న.
నాలుగో దినం నేనేం చెప్పలే సార్.
పిల్లను నా ఒళ్ళె ఏసుకున్న.
ఆమె రెండు గంటలు నిద్రపోయింది.
కాన్పయినంక గదే మొదలంట.
ఆ రెండు గంటలు ఏ కాలంల రాయాల్నో మీరే చెప్పుండ్రి."

పద్దులన్నీ తిరగేసిన.
ప్రయాణభత్యం ఉంది. స్టేషనరీ ఉంది.
బ్యానర్లున్నయి, టెంటు కిరాయి ఉంది,
మీటింగుల సమోసాలకు గూడ ఉంది.
నిద్రకు పద్దు లేదు.

మా అమ్మ ఇప్పటికీ
కన్నపిల్లలను లెక్కపెట్టేటప్పుడు
మొదటి వేలు మడవది, రెండో వేలుకాంచి మొదలుపెడ్తది.
మాది మర్రిగూడ దిక్కు. తొలుసూరు ఆడపిల్ల. తొమ్మిది దినాలు.
మా గడప మీద కూసొని నీళ్ళడిగినోళ్ళు ఎవ్వలు లేకుండ్రి.
ఈ సంగతి ఏ ఫైలుల లేదు.
చెప్పాలనుకోలే. రాత్రయింది గనక చెప్పిన.

రేపు రాత్రి పన్నెండు దాటితే
మిగిలిన పైసలు మురుగుతయి.
మురుగుడంటే మా ఆఫీసు భాషల వెనక్కి పోవుడు,
వచ్చే ఏడు 'వాళ్ళకు అక్కెరలేదు గదా' అని తగ్గించుడు.
పిండి పారబోసిన ముర్రుపాల లెక్క.

సూపరింటెండెంటు సారు మంచోడే.
అట్టముక్క సదివి కండ్లద్దాలు తుడుసుకుండు.
నర్సుల దినం నాడు పిలుద్దామయ్యా, శాలువ కప్పుదాం,
దేవతసొంటి మనిషి, అన్నడు.
శాలువకు పద్దుంది.
నేనన్న: సార్, దేవతలకు టీఏ రాదు.
నర్సుకు రావాలె.

ఏప్రిల్ కాంచి ఈ పథకం ఉంటదో ఊడ్తదో
ఆర్డరు ఇంకా రాలే.
బొల్లిగుట్ట ఎక్కే స్కూటీల పెట్రోలు ఎవరు పోస్తరో
నా కంప్యూటరుకు తెల్వదు.
తెల్వనిదాన్ని తెల్సినట్టు రాయలేను.

నా అక్షరాల మీద నేనే అడ్డగీత కొట్టిన.
నలభై నాలుగు నాలుగుల నూట డెబ్బై ఆరు.
మొత్తం పాస్.
అట్టముక్కను వోచరు కింద పిన్ను పెట్టిన,
మందంగుంది, పిన్ను వంగింది, ఇంకోటి పెట్టిన.

ట్రెజరీల నా అసొంటోడే ఒకడు
ఎర్రపెన్ను తీసి అడుగుతడు,
ఈ వోచరు గోలీల డబ్బా మీద ఎందుకున్నదని.
అడగనీ.
ఈసారి వివరణ నేను రాస్త.