కొమ్ము దీర్ఘం

నాలుగు రోజులు కడుపు కదల్లేదు.
ఐదో రోజు మా అన్న నన్ను చూసి
"అమ్మా, గనిలో నీళ్లు పడ్డాయి, మోటరెయ్యి" అన్నాడు.
అమ్మ పోయి పదహారేళ్లు.
ఆ గని పూడ్చేసి తొమ్మిది.
పగలంతా నిద్ర. రాత్రంతా
దుప్పటి అంచుని పలక చట్రమనుకుని
బొటనవేళ్లతో ఒత్తి బిగిస్తానే ఉన్నాడు.

మార్కాపురం నుంచి ఒంగోలుకి అంబులెన్సు.
పొదిలి దగ్గర ఒకసారి తలెత్తి
"ఊరొచ్చిందా" అన్నాడు.
ఏ ఊరో చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
"చేతులు చాపు పెద్దాయనా, బస్సు ఆపినట్టు పెట్టు" అంది.
పెట్టాడు.
తడిసిన కోడి రెక్క విదిలించినట్టు
మణికట్లు దబ్బున వాలి, మళ్లీ లేచాయి.
"నోట్లో పోస్తే పొరబోతుంది. కింద నుంచే ఎక్కించాలి."

మందంటే చక్కెర పాకమంట.
అది మూడొందలు, నీళ్లు ఏడొందలు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నా,
ఉరుసులో అమ్మే జీళ్ల తీపి.
లివరు కాపలా మానేసిందంట,
పేగుల్లో ఊరిన విషం తలదాకా ఎక్కిందంట.
ఇరవయ్యేళ్లు రోజుకో క్వార్టరు పోస్తే
ఏ కాపలావాడు నిలబడతాడు?
అనుకున్నా గానీ అన్లేదు.

వార్డుబాయి రెండొందలడిగాడు.
నా కొంగు ముడిలో నూట నలభై.
"తొడుగులియ్యండి, నేనే చేస్తా."

ఎడం పక్కకి తిప్పా. మోకాళ్లు ముడిచా.
లుంగీ జరిపా.
ఎముకల మీద తోలు, పొట్ట మాత్రం కుండ.
సిగ్గు ఇద్దరిదీ కలిపి నేనే పడ్డా,
ఆయనకా పూట అది లేదు గనక.
గొట్టానికి వాజిలీను రాసి
మెల్లగా, మెల్లగా,
సంచి పైకెత్తి నిలబడ్డా.
ఒక బుడగ. ఇంకో బుడగ.
"గంట ఆపాలమ్మా, లోపలే ఉండాలి" అంది సిస్టరు.
రెండు చేతులతో అదిమి పట్టుకుని
గంట ఎట్టా తెలవాలో తెలీక ఎక్కాలు చదివా.
పదమూడేళ్లు దగ్గర ఆగిపోతే
కళ్లు తెరవకుండానే అందించాడు, "ఎనభై."
మా అన్న ఎక్కాల్లో తప్పడు.
ఆ తప్పు ఆయనది కాదు, విషానిది.

తర్వాత వదిలేశాడు.
నల్లగా, గని అడుగు బురదలాగా.
మూడు మంచాల అవతలికి కొట్టింది వాసన.
పక్క మంచం ముసలామె ముక్కుకి కొంగు అడ్డంపెట్టి
"పోనీ తల్లా, పోతేనే మనిషి" అంది.
నా పిల్లలది కూడా
ఇంత సంబరంగా కడిగుండను.

"రోజూ పొద్దున పేరు రాయించండి, తెలివి ఎంతొచ్చిందో తెలుస్తది."
కాగితం మీద పెన్ను నిలవలేదు.
సంచిలో, ఇడ్లీ డబ్బా ఒరక్కుండా
అడుగున పెట్టుకొచ్చిన పలక తీశా.
చట్రం ఆయన బిగించిందే.

మొదటి రోజు ఒక గీత,
పలక దాటి మంచం మీదికి పోయింది.
రెండో రోజుకి "నా".
"ఏది నీదన్నా?" అన్నా. నవ్వలేదు.
మూడో రోజు "నాగ" దాకా వచ్చి నిద్రపోయాడు.
పొద్దునా సాయంత్రం గొట్టం, సంచి, గంట, ఎక్కాలు.
నాలుగో రోజు
బలపం విరిగేట్టు నొక్కి రాశాడు:
నాగురు.

సిస్టరు చీటీలో చూసింది, నాగూరు.
"దీర్ఘం లేదే, ఇంకా మబ్బుగానే ఉన్నాడు"
అని రాయబోతుంటే చెయ్యి పట్టుకున్నా.
గని మస్టర్లో, అప్పు కాగితం మీద,
నాకు అక్షరాలు దిద్దించిన పలక మీద
ఏనాడూ ఇయ్యలేదు దీర్ఘం.
మూడో తరగతి అయ్యోరు వేళ్లు వాచేట్టు కొట్టినా ఇయ్యలేదు.
"బాగయ్యాడని రాయమ్మా.
ఈ తప్పు మా అన్నదే."

"కాశింబీ" అన్నాడు అప్పుడు.
"ఇదేంది, లుంగీ తడిగా ఉందేంది?"
నా చేతులకున్న తొడుగులు చూశాడు.
బకెట్టు చూశాడు.
దుప్పటి నడుం దాకా లాక్కుని
గోడ వైపు తిరిగి పడుకున్నాడు,
సిగ్గులో తన సగం తను తీసుకుని.