రెండో గడి

శుక్రవారం ఐదింటికల్లా ఇచ్చెయ్యాలి.
ఒకటే కాగితం, రెండు గడులు.
మొదటిది పోయినేడే నిండింది: న్యాయశాస్త్రం.
రెండోదాని పక్కన చిన్న అక్షరాల్లో
భూగర్భజల విజ్ఞానం, అదనంగా ఒక సంవత్సరం,
అదనంగా ముప్ఫై ఎనిమిది వేల డాలర్లు.
ఆ అంకె మాత్రం చిన్న అక్షరాల్లో లేదు.

పోర్ట్‌లాండ్‌లో మార్చి నెల.
రేవు దారిలో మంచు ఉప్పు తగిలి
బూడిదరంగు బురదవుతోంది.
లైబ్రరీ మూడో అంతస్తులో హీటరు
ముసలి పిల్లిలా గురగురలాడుతోంది.
నా ముందు ఆస్తి చట్టం, ఆరువందల పేజీలు.
అందులో నీళ్ళకి దక్కినవి పదకొండు.

మా నాన్న రెయాల్ సిర్ బోర్లు వేస్తాడు,
ఉత్తరాన, బంగాళాదుంప చేల మధ్య.
పైకొచ్చిన రాతిపొడి నాలిక మీద వేసుకుని
"ఇంకో నలభై అడుగులు" అంటాడు.
తప్పిన రోజులూ ఉన్నాయి.
ఆ రోజు డబ్బు తీసుకోడు.
ఆ రాత్రి అమ్మ మాట్లాడదు.
ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ
మా ఇంట్లో ముందు నుయ్యి ఉందంటే
ఆ వారం కిరాణా వచ్చినట్టు.

అక్టోబర్‌లో ఎల్వా ఊలెట్ కేసు.
ఆవిడ బావిలోకి పక్క చేలో చల్లిన మడ్డి దిగింది.
నేను లాయరు వెనక కుర్చీలో, ఫైళ్ళు మోసే విద్యార్థిని.
కంపెనీ నిపుణుడు తెర మీద నీలం గీతలు చూపించి
నేల తూర్పుకి వాలుతోంది కనక
నీళ్ళూ తూర్పుకే పోతాయన్నాడు.
"ఖచ్చితంగా చెప్పగలరా?" అంది మా లాయరు.
"చెప్పగలను" అన్నాడు. ఆవిడ కూర్చుంది.
ఆ బోరు వేసింది మా నాన్నే.
కింద రాయి పడమటికి చీలి ఉందని
పన్నెండేళ్ళప్పుడు ట్రక్కులో కూర్చుని విన్నాను.
నాకు తెలుసు.
తెలిసింది ప్రశ్నగా మారలేదు.
ఫైలు మూసి, క్లిప్పు పెట్టాను.

"నిపుణుణ్ణి డబ్బిచ్చి తెచ్చుకుంటారు, పిచ్చిదానా,
కారెక్కే ప్రతివాడూ మెకానిక్ అవ్వాలా?"
అని థియో, నా చిప్స్ తింటూ.
"ఏ ఏడు బయటికొస్తావు? కంపెనీలడిగేది అదొక్కటే"
అని ఉద్యోగాల ఆఫీసులో మిసెస్ హాడ్‌లాక్.
రెంటికీ చెడ్డ రేవడి, అని ఎవరూ అనలేదు.
అది నాకు నేనే అనుకున్నాను,
పళ్ళు తోముకుంటూ, అద్దంలో.

నాన్నకి ఫోన్ చేశాను.
రిగ్గు క్లచ్చు పోయిందని పావుగంట చెప్పాడు.
తర్వాత, "ఎంతన్నావు?"
చెప్పాను.
"అడుక్కి నలభై చొప్పున
తొమ్మిదొందల యాభై అడుగులు" అన్నాడు.
కాసేపు లైన్లో గాలి.
"అంత లోతు నేనెప్పుడూ దిగలేదు."
వద్దన్నాడో, దిగమన్నాడో.
"ఎల్వా ఇంకా సీసా నీళ్ళే కొంటోంది" అని పెట్టేశాడు.

గురువారం ఆ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను.
సగం అర్థం కాలేదు. బోర్డు నిండా గ్రీకు అక్షరాలు.
చివర్న ఆవిడ గాజుతొట్టి తెచ్చింది,
లోపల ఇసుక, ఏటవాలుగా ఒక పలకరాయి.
ఎర్రరంగు నీళ్ళు పోసింది.
పైన ఇసుక ఎటు వాలిందో రంగు అటు పోలేదు.
చెయ్యెత్తాను.
"పై వాలు చూసి కింద దారి చెప్పేవాణ్ణి
ఏమని అడగాలి?"
నవ్వి, నాలుగు మాటల్లో చెప్పింది.
నాలుగే మాటలు.
ఐదు నెలలు ఆలస్యంగా.

శుక్రవారం, నాలుగూ నలభై.
కిటికీ వెనకాయన కాగితం వెలుతురుకి పట్టి చూశాడు.
"ఇది టిక్కా, కొట్టివేతా?"
పెన్ను ఆగి ఆగి రాసింది మరి, చలికి.
వెనక్కి తీసుకున్నాను.
వరసలో నా వెనకున్నవాడు గడియారం చూసుకున్నాడు.
అదే గీత మీద మళ్ళీ దిద్దాను,
కింది కాగితానికీ అచ్చు పడేంత గట్టిగా.