సమాధుల మైనం

సమాధుల పండగ మర్నాడు తెల్లారకుండానే
మంచు ఆరని ఇసుకలో
మా సలోమి అత్త ఒంగుని నడిచేది,
చేతిలో అట్లకాడ, చంకలో ఎరువుల సంచి.
సిలువల కాళ్ల దగ్గర గడ్డకట్టిన మైనాన్ని
పుండు మీద చెక్కు ఒలిచినట్టు ఒలిచేది,
అడుగునున్నవాళ్లకి నొప్పి పుడుతుందేమోనని
మెల్లగా.

"చచ్చినోళ్ల వెలుగు దొంగిలిస్తావా!"
గోడవతల నుంచి సంఘపెద్ద దైవాధీనం గారి కేక.
అత్త తలెత్తేది కాదు.
"రాత్రి వాళ్లు వాడేసుకున్నారండీ,
ఇది ఎంగిలి."

ఇంటి దగ్గర సొట్టల సత్తుగిన్నె,
దాని కింద ఇంకో గిన్నెలో మరిగే నీళ్లు.
చీమలు, ఇసుక, బంతిరేకలు అడుక్కి దిగేవి.
కొబ్బరిచిప్పలో ముందు వేలెడు ఇసుక పోసేది
(లేకపోతే చివర్లో చిప్పే అంటుకుంటుంది),
మధ్యలో మావయ్య పాత పంచె అంచు పేనిన వత్తి,
ఆపైన మైనం.
మిగిలిందాంట్లో పీచుండలు ముంచి
చూరు కింద ఆరేసేది, వడియాల్లా.

నా పని అగ్గిపుల్లలు.
ఒక్కొక్క తలా ముంచి, ఊది, పక్కన పెట్టాలి.
ఆస్పత్రిలో ఆయా కదా, మాత్రల ఖాళీ డబ్బాలకి లోటు లేదు.
డబ్బాకి పాతిక పుల్లలు,
పాలప్యాకెట్టు ముక్కలో చుట్టిన గరుకుపట్టీ వేరే.
"గరుకు నానిందా,
వంద పుల్లలూ వంద ఈనెలే" అనేది.
నేను నవ్వేదాన్ని. బయట ఎండ కాసేది.

ఆ ఏడు పండగ వెళ్లిన ఐదో రోజు
సముద్రం గోదారికి ఎదురెక్కింది.
కొబ్బరిచెట్లు మొవ్వులు తెగి దొర్లుతుంటే
లంకంతా బడి మేడెక్కాం, నూట అరవై మందిమి,
మేకలు కాక.
టార్చిలైట్లు నీళ్లు తాగి చచ్చాయి.
కిరసనాయిలు డబ్బా ఎటు కొట్టుకుపోయిందో,
వాసన మాత్రం మా బట్టల్లో ఉండిపోయింది.
చీకట్లో ఎవరి పిల్లాడు ఎవరి ఒళ్లో ఉన్నాడో
ఏడుపుని బట్టి పోల్చుకునేవాళ్లం.

అత్త బిస్కత్తుడబ్బా మూత తీసిన చప్పుడు
నాకిప్పటికీ గుర్తు.
గోటితో మైనం గీకింది. గీసింది. లేదు.
ఇంకోటి. పొగ.
మూడోది పట్టింది.
పీచుండ మీద బెంచీ చెక్కలు చీల్చి వేసి
పసిపిల్లలకి నీళ్లు కాచింది.
వరసగా మూడు చిప్పలు వెలిగించింది.

దైవాధీనం గారి ముందుకొచ్చిన చిప్పలో
తెల్లటి మైనానికి ఓ పక్క గులాబీరంగు చార.
ఆ శ్మశానం మొత్తానికి గులాబీ కొవ్వొత్తి ఒక్కటే:
ఆయన భార్య ప్రకాశమ్మ గారికని
నరసాపురం నుంచి తెప్పించింది.
ఆయన దాని వంకే చూశారు.
అత్త తల తిప్పుకుని
ఎవరి జడో తుడవడం మొదలెట్టింది.

రెక్క ఊడిన కిటికీకి అడ్డంగా వెళ్లి
గాలికి వీపు పెట్టి కూర్చున్నారాయన,
చిప్ప చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని.
తెల్లారేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.
మందు రాస్తానంటే
వద్దన్నారు.

ఇప్పుడా బిస్కత్తుడబ్బా నా దగ్గరుంది.
అత్త కూడా అక్కడే, గోడ పక్క మూడో వరసలో.
సమాధుల మీద ఈమధ్య బ్యాటరీ కొవ్వొత్తులు పెడుతున్నారు,
వానకి ఆరవు, గాలికి వొణకవు,
పొద్దున్న చూస్తే ఒక్క బొట్టు రాలదు.
అందుకే పండగ ముందు ఇంటింటికీ తిరుగుతున్నాను:
మీ ఇష్టం వచ్చినన్ని పెట్టుకోండి,
ఒక్కటి మాత్రం
కరిగేది పెట్టండి.