రెండో మెట్టు

గన్నవరం అక్విడెక్టు దిగగానే ఎడమపక్క
జిరాక్సు, ఫొటోలు, లామినేషను అని రాసుంటుందే,
అదే నా కొట్టు.
వైనతేయ పొంగినప్పుడు నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి
మొహమాటపడ్డ చుట్టంలా అక్కడే నిలబడి
మూడోనాటికి వెనక్కెళ్ళిపోయాయి.
అందుకని నష్టపోయినవాళ్ళ లెక్కలో నేను లేను.

సాయం ప్రకటించిన మర్నాడు
తెల్లారకముందే షట్టరు మీద దబదబా.
ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ,
మూడేసి కాపీలు.
మడత విప్పితే కాయితాల్లోంచి ఒండ్రు రాలేది.
అద్దం తుడిచీ తుడిచీ నా తువ్వాలు
గోదారి రంగుకొచ్చింది.
అబద్ధమెందుకు, ఆ వారం నాకు మంచి బేరం.
సిగ్గేసి రెండ్రోజులు ముసలాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు.
మూడోరోజు నుంచి తీసుకున్నాను.
టోనరు అప్పుకి తెచ్చింది.

శుక్రవారం పీచుమిల్లు వీరరాఘవులుగారొచ్చారు.
ఎప్పుడూ మనిషిని పంపేవారు,
ఈసారి తనే, చెప్పులు చేత్తో పట్టుకుని.
డొక్కల గుట్టంతా ఏటికి పోయింది, మోటార్లో ఇసక.
"వడ్డీ మాఫీ అంటన్నారు, ఆయ్.
కూలోళ్ళకి నెల జీతం కూడా సర్కారే ఏస్తాదంట.
పేర్లు కావాలంట. టైపు కొట్టు."

పదకొండేళ్ళుగా ఏ పుస్తకంలోనూ లేని పేర్లు.
ఒకటి, దుర్గ.
ఏ దుర్గండీ?
ఎర్ర దుర్గ.
రెండు, అప్పన్న పెళ్ళాం.
మూడు, నూకరత్నం.
ఇంటిపేరు?
ఆయన గోడమీది క్యాలెండరు కేసి చూశారు,
అందులో ఉంటుందేమో అన్నట్టు.

"చెల్లుబోయిన"
అంది వెనకనించి ఓ గొంతు.
వరసలో నాలుగో మనిషి, కార్డు కొంగున చుట్టుకుని.
"చెల్లుబోయిన నూకరత్నం. నలభై మూడు.
ఎర్ర దుర్గది గుత్తులోరు.
అప్పన్న పెళ్ళాం పేరు సత్యవేణండి."
తొమ్మిదిమందివీ చెప్పింది, ఊళ్ళతో సహా.
"దయామణి కాలు ఇరిగి పన్లోకి రావట్లేదు,
అయినా రాయండి."
అది నాతో అందో ఆయనతో అందో.
ఆయన తల ఎత్తలేదు. రాయొద్దనీ అనలేదు.
కాయితం వెచ్చగా బయటికొచ్చింది.
ఆయన అయిదొందల నోటు తీశారు, చిల్లర లేదన్నాను.
కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు
ఆవిడే ఇచ్చింది.

సచివాలయంలో వేలి మిషను
నూకరత్నాన్ని ఒప్పుకోలేదట.
తడి చెయ్యమ్మా. తుడుచుకోమ్మా. ఇంకో వేలు పెట్టమ్మా.
తాడు పేనిన వేళ్ళలో గీతలన్నీ
పీచు ఎప్పుడో అరగదీసేసింది.
చివరికి ఎడమచేతి చిటికెనవేలు,
పనికి అంతగా ఆనని ఆ ఒక్కటీ,
పచ్చలైటు వెలిగించింది.

నలభై రోజులకి ఫోను పట్టుకుని వచ్చింది,
మెసేజీ చదివి పెట్టమని.
అంకె చెప్పాను.
నా బల్లముందే నిలబడి వేళ్ళమీద పంచేసింది:
డ్వాక్రా కిస్తీ, కొట్టుబాకీ,
పిల్లాడి పాలిటెక్నిక్కు, రేకు మీద కప్పే పరదా.
చిటికెనవేలు దాకా వచ్చేసరికి
ఏమీ మిగల్లేదు.
"ఏదోనండి, గాలాడింది" అని,
నేను వద్దంటున్నా రెండు రూపాయలు పెట్టి వెళ్ళింది.

మిల్లు తిరుగుతోంది. అయిదుగురితోనే.
మొన్న వీరరాఘవులుగారు కుర్రాణ్ణి పంపి
నా దగ్గరే హాజరు పుస్తకం కొనిపించారు.
అందులో పేర్లు ఎక్కాయో, పాల లెక్క ఎక్కిందో
నేనడగలేదు.

నా కొట్టు మెట్టు మీద నీటిచార ఇంకా ఉంది.
పండక్కి మా ఆవిడ బ్రష్షు పట్టుకొస్తే
ఉండనియ్యవే అన్నాను.
ఏమో,
ఎవరైనా చూడ్డానికి రావచ్చు.