వెంట్రుక

వుడ్జ్‌లో నూలు మిల్లు మూతపడ్డాక
మగ్గాల బోల్టులు ఇంకా నేలలోనే ఉన్న హాల్లో
పాత సినిమాలు కడుగుతారు.
వుడ్జ్ అంటే పడవట.
పేరుకి పడవే గానీ, ఉన్న నదుల్ని
ఎప్పుడో గొట్టాల్లోకి తోసి పైన రోడ్లేశారు.
ఈ పనిలో డబ్బూ అలాగే పారుతుంది,
చప్పుడు వినిపిస్తుంది, తడి తగలదు.

బోగ్నా డబ్బా తెరిచింది.
మూత సరిగా పెట్టని మాగాయ జాడీలా
గుప్పున పులుపు.
రీలు అంచులు అలలు తిరిగి ఉన్నాయి.
మొదటి అంచనా ముక్కే వేస్తుంది,
ఎంత పులిస్తే అంత ఖర్చు.

గ్రాత్సియాన్ దగ్గర పట్టిక ఉంది.
స్కానింగుకి ఇంత,
వెలుగునీడలు సరిచేయడానికి ఇంత,
మాటల వెనక బుసబుస తీయడానికి ఇంత,
దివాలా తీసిన కుర్చీల కంపెనీ లాయరుకి ఇంత
(సినిమా ఏ అప్పు కింద వాళ్ల చేతికొచ్చిందో
వాళ్లకే తెలీదు),
డిస్కుకి, అట్టపెట్టెకి, లోపలి చిన్న పుస్తకానికి ఇంత.
రెండువేల రెండువందలు అమ్మితే
ఎవరికీ ఎవరూ బాకీ లేనట్టు.
ముందే డబ్బు కట్టినవాళ్లు పదమూడువందల నలభై,
ఎక్కువమంది యాభై దాటినవాళ్లు,
కొందరి ఇంట్లో డిస్కు ఆడించే పెట్టె కూడా లేదు.
కొనడం వాళ్లకి ఒకరకం దణ్ణం.

"చేత్తో చేసే పనికి నాలుగువందల గంటలు.
ఒక్క గంట దాటినా తడిసి మోపెడవుతుంది."

బోగ్నా కాగితం వెనక భాగహారం వేసింది.
తొంభై ఒక్క నిమిషాలు,
లక్షా ముప్పై ఒక్క వేల నలభై ఫ్రేములు.
ఒక్కోదానికి పదకొండు సెకన్లు.
కుండలో కూడు కుండలోనే ఉండాలి,
బిడ్డ దుడ్డులా ఉండాలి.

యంత్రం తీయగలిగింది యంత్రం తీసింది.
గీతలనుకుని సగం వానని కూడా తీసేసింది.
బోగ్నా చినుకు చినుకూ
వెనక్కి తెచ్చి కురిపించింది.
ఆ రాత్రులు పట్టికలో లేవు.

చివరికి మిగిలింది ఏడు గంటలు.
ముప్పై ఒకటో నిమిషంలో
కెమెరా కిటికీలో ఇరుక్కున్న వెంట్రుక ఒకటి
కుడివైపు కింది మూల తొమ్మిది సెకన్లు వణుకుతుంది.
అది తీయాలంటే ఏడు గంటలు.
ఆ తర్వాతెక్కడో, మిల్లు గేటు దగ్గర గుంపులో,
పాల క్యాను పట్టుకున్న ఒకమ్మాయి,
పేరు ఏ జాబితాలోనూ లేదు,
చూడొద్దని చెప్పే ఉంటారు, అయినా
కెమెరాలోకి చూసింది, అర సెకను.
సరిగ్గా అక్కడే ముఖానికి అడ్డంగా నల్లటి చీలిక,
నెగెటివ్ పొర లేచిపోయింది.
ముందు ఫ్రేములోంచి రెప్ప,
వెనక ఫ్రేములోంచి పాప
అరువు తెచ్చి కన్ను కట్టాలి.
దానికీ ఏడు గంటలే.

"తొమ్మిది సెకన్లెక్కడ, అర సెకనెక్కడ!
ఇందులో ఆలోచించడానికేముంది?"
అన్నాడు గ్రాత్సియాన్.
బోగ్నా ఆలోచించలేదు.
ఏడు గంటలూ పన్నెండు ఫ్రేముల మీద పోసేసింది.

పంతొమ్మిదివందల పన్నెండు అమ్ముడయ్యాయి.
మిగతాది ఎవరి జేబులోంచి పోయిందో
ఇక్కడ ఎవరూ పైకి అడగరు.
మార్చిలో ఒసాకా నుంచి ఉత్తరం.
ముప్పై ఒకటో నిమిషం, కుడి, కింది మూల.
ఇంత ధర పెట్టి కొంటే వెంట్రుకా?
అమ్మాయి గురించి ఎవరూ రాయలేదు.
రాయరు కూడా.
నయమైన చోటు ఎవరికి కనిపిస్తుంది?

"ఏమని జవాబివ్వను?" గ్రాత్సియాన్ తల గోక్కున్నాడు.
"కెమెరామన్ వెంట్రుక అయ్యుంటుంది,
అరవై ఏళ్లనుంచి అక్కడే ఉంది,
మేం ఖాళీ చేయించలేదని రాయి."
"ఫోటో చూశాను. అతనిది బట్టతల."
బోగ్నా అప్పటికే
తర్వాతి డబ్బా మూత కింద
స్క్రూడ్రైవరు దోపుతోంది.
"అయితే మరి
ఎవరిదో."