కనుమ మీద రంగు

మంచు కరిగాక ఈ దారిలో మొదటి పని నాది.
వల్బోనా నుంచి థెత్ దాకా
రెండు డబ్బాలు, రెండు కుంచెలు, ఒక కత్తి,
మేనల్లుడు పాష్క్, వాడి గొణుగుడు.

బెత్తెడు తెలుపు, దాని కింద బెత్తెడు ఎరుపు,
మళ్ళీ తెలుపు. అంతే.
ఇందులో కళేమీ లేదు.
"నీకు తెలిసిన చోట పెట్టకు,
వాడి కన్ను తడబడే చోట పెట్టు"
అనేవాడు మా నాన్న లూలాష్.
ఆ "వాడు" ఎవరో ఆయన ఎప్పుడూ చూడలేదు.

మొదట ఏటి ఒడ్డు. సున్నపు గుండ్రాళ్ళు.
నిరుటి గుర్తులన్నీ వరద తిరగేసింది.
బోర్లాపడ్డ రాయినొకదాన్ని పాష్క్ కాలితో తన్నాడు.
అడుగున మా ఎరుపు,
చీకట్లో పురుగులకు దారి చెబుతూ.
పొద్దుటి నుంచీ వాడు నవ్వింది అప్పుడే.

తర్వాత బీచ్ అడవి.
నున్నటి బూడిదరంగు మొదళ్ళు,
చెయ్యేస్తే కంచరగాడిద మెడలా చల్లగా.
లేతాకుల మీద ఎండ నిలవదు,
వాటిలోంచి వడగట్టుకుని కిందికొస్తుంది.
నిరుడు రాలిన ఆకులు మోకాటిలోతు,
వాటి కింద ఎక్కడో కనిపించని నీళ్ళ మాట.
వడ్రంగిపిట్ట ఒకటి రెండు దెబ్బలు కొట్టి
మమ్మల్ని చూసి ఆగింది,
పనివాడు పనివాణ్ణి చూసి ఆగినట్టు.

పైనుంచి ఒక జంట దిగుతోంది.
కొత్త బూట్లు, కమిలిన ముక్కులు.
ఊరింకా ఎంత దూరమని అడిగారు.
"రెండు సిగరెట్లంత" అన్నాను.
మొహమొహాలు చూసుకున్నారు, పొగ తాగరట.
నేను మానేసీ పదకొండేళ్ళు,
కొలత మాత్రం మానలేదు.
పోతూ పోతూ ఆమె అంది:
"పైన పడిన చెట్టు దగ్గర
గుర్తు పట్టుకుని లోయ అంచుదాకా పోయాం."

మంచుచరియ పని అది.
నలభై చెట్లు ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి.
వాటిలో మలుపు దగ్గరి పెద్ద చెట్టూ.
దాని మీద నాన్న వేసిన చివరి గుర్తు.
చెయ్యి వణికే రోజులవి,
ఎరుపు తెలుపులోకి కారి ఎండింది.
ఆరేళ్ళుగా దాని మీద కుంచె పెట్టలేదు నేను.
ఇంకా బాగానే ఉంది, బాగానే ఉందని దాటిపోయాను.
బాగాలేదు.
ఇప్పుడది అడ్డంగా పడుకుని
నేరుగా అగాధం వైపు చూపిస్తోంది.

"ఉండనీ అత్తా, పక్కన బాణం గీస్తాను."
నేను కత్తి తీశాను.

పైపొర తేలిగ్గా వచ్చింది, వణికిన పొర.
దాని కింద ఇంకొకటి, కాస్త నిలకడగా.
దాని కింద ఇంకొకటి.
గీకేకొద్దీ ఆయన చెయ్యి కుదుటపడుతోంది.
అట్టడుగున, బెరడును అంటి,
దారం పట్టి గీసినట్టున్న గీత.
అప్పటికి నేను పుట్టానో లేదో.
అదీ గీకేశాను.
తడి బెరడు వాసన వచ్చింది.
గోరు కింద ఎర్రటి పెళ్ళొకటి ఇరుక్కుంది,
తీసుకోలేదు.

అక్కడినుంచి చెట్లు లేవు.
జారుడు రాళ్ళు, వంకర మీద వంకర,
చొక్కాను వెనక్కి లాగే గాలి.
కనుమ మంచమంత వెడల్పు.
ఇటు మా లోయ, అటు వాళ్ళ లోయ,
నడుమ నిలబడి ఒక ఉల్లిపాయా జున్నూ తిన్నాం.

కుంచె పాష్క్ చేతికిచ్చాను.
గీత వంకర పోయింది.
"గీత సంగతి వదిలెయ్.
ఇరవై అడుగులు వెనక్కెళ్ళు,
ఈ కొండ ఎప్పుడూ చూడనివాడిలా రా."

వెళ్ళాడు. తిరిగి వస్తున్నాడు,
మొదట నటిస్తూ,
తర్వాత నటించకుండా.
రెండు రాళ్ళ మధ్య ఆగి
అటు చూశాడు, ఇటు చూశాడు.

"కదలకు" అన్నాను,
డబ్బా ఎత్తుకుని వాడి దగ్గరికి దిగుతూ.