ఏడు గంటలకాడ

మామునూరు రేంజిల, పొద్దుగాల,
పది గుండ్లూ అట్టకు కింద, ఎడమకే.
గడియారంల ఏడు ఉండే జాగల
కందిచేన్ల గువ్వలు వాలినట్టు గుంపుగ.

"సైటు వంకరున్నది సార్" అన్న.
యాకూబ్ పాషా సారు నా పిస్తోలే తీస్కొని
మూడు పేల్చిండు. మూడూ నడిమిట్లనే.
ఏం అనలే.

మళ్ల నాకు తెల్వకుంట
మ్యాగజీన్ల ఒక ఉత్త గుండు కలిపి ఇచ్చిండు.
ఒకటి పేలింది. రెండు పేలింది.
మూడోది టిక్కుమన్నది, అంతే.
సప్పుడు లేదు, పొగ లేదు,
గొట్టం మాత్రం తలకాయ దించింది.

"ఎవల్ని జూసి వంగినవ్ బిడ్డా?"

ఏం జెప్పాలె.
మా ఊరి గుట్టకు గ్రానైటోళ్లు తూటాలు పెట్టేది.
మధ్యాహ్నం విజిలేస్తే
అమ్మ అర్రలకెళ్లి గిన్నెలు దించేది,
నేను చెవులు మూసుకొని లెక్కబెట్టేదాన్ని,
ఎప్పుడూ ఒక అంకె ముందే వంగేదాన్ని.
గుట్ట పోయింది. నీళ్లగుంత మిగిలింది.
వంగుడు నా మణికట్టుల ఉండిపోయింది.

వారం దాక గుండు ముట్టనీయలే సారు.
ఉత్త పిస్తోలు, గొట్టం మీద రూపాయి బిళ్ల.
"పాలు పిండినట్టు పంజంత బిగియకు,
వేలొక్కటే కదలాలె.
ఎప్పుడు పేలుతదో నీక్కూడ తెల్వొద్దు."
మొదటి దినం నలభైసార్లు పడ్డది బిళ్ల.
దుమ్ముల ఏరుకున్న, పెట్టుకున్న,
ఊపిరి సగం ఇడిసి ఆగిన.

శనివారం అట్ట తెచ్చి చూస్కున్న:
ఆరు నల్లదాంట్ల. మూడు అంచు మీద.
ఒకటి ఇంకా ఏడు గంటలకాడ్నే.

దాని చుట్టు పెన్నుతోని సున్న జుట్టి
మా ఊరి పేరు రాసిన.